భీమిలిలో ఇల్లున్నవాళ్లు ముందు వెళ్లాల్సిన హార్డ్‌వేర్ కొట్టు

భీమిలి బజార్లో, గంటస్తంభం నుంచి నడిచిపోయేంత దూరంలో ఓ పాత హార్డ్‌వేర్ కొట్టుంది. పెంకుటింటి ముందుగది, రోడ్డు వైపు చెక్కబల్ల, లోపల ఒక్క మనిషి పట్టేంత సందు. పేరు రాయొద్దని యజమాని అన్నారు కాబట్టి రాయడం లేదు. గుమ్మానికి నైలాన్ తాళ్ల చుట్టలు వేలాడుతుంటాయి, సగం సరుకు వేటకెళ్లేవాళ్లదే, ఆ గుర్తులు చాలు. ఈ ఊళ్లో ఇల్లు కట్టుకునేవాళ్లయినా, అద్దెకు దిగేవాళ్లయినా ముందు ఇక్కడికి వెళ్లాలని నా సలహా.

ఏది అడిగినా ఆయన ముందు వేసే ప్రశ్న ఒకటే. "సముద్రానికెంత దూరమండీ మీ ఇల్లు? గాలి నేరుగా కొడతాదా, అడ్డం ఇళ్లున్నాయా?" జవాబు విన్నాకే డబ్బా దించుతారు. మా ఇల్లు ఒడ్డుకు రెండు వీధుల ఇవతల. వీధి తలుపుకి బందులు కావాలంటే, ముందు బల్ల కింద నుంచి ఎవరింట్లోనో ఊడదీసిన పాత బందు తీసి నా చేతిలో పెట్టారు. రేకు చూస్తే బాగానే ఉంది, పైన రంగు కూడా పోలేదు. మధ్యలో ఉండే సీల మాత్రం తుప్పుతో ఉబ్బి బిగుసుకుపోయింది, రెండు చేతులతో తిప్పినా కదల్లేదు. తర్వాత ఇత్తడి బందులు చూపించి, వాటికి ఇత్తడి స్క్రూలే విడిగా లెక్కపెట్టి ఇచ్చారు. ఇత్తడికి ఇనప స్క్రూ బిగిస్తే, ఉప్పు తేమ తగిలిన చోట ఇనుముని మామూలుకన్నా తొందరగా తుప్పు తినేస్తుంది. రెండు లోహాలు కలిస్తే జరిగేది ఇదే. ఈ మాట చెప్పి అమ్మే కొట్లు నేను పెద్దగా చూడలేదు.

స్టీలు విషయంలో ఆయన ఇంకా గట్టిమనిషి. బజార్లో రెయిలింగులకీ గ్రిల్సుకీ ఎక్కువగా అంటగట్టేది 202 రకం స్టెయిన్‌లెస్ స్టీలు. అందులో నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు. లోపలి ఊళ్లలో అది ఏళ్ల తరబడి మెరుస్తూనే ఉంటుంది. ఉప్పుగాలి తగిలే చోట గోధుమరంగు చుక్కలు లేస్తాయి. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 316లో వీటికి తోడు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం కలుస్తుంది, ఉప్పుని బాగా తట్టుకునేది అందుకే. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలు అనుకోవడం మనవాళ్లకి అలవాటు. 202 కూడా అయస్కాంతానికి పెద్దగా అంటదు కదా! ఆయన దగ్గర చిన్న సీసాలో పరీక్ష మందు ఉంటుంది. కొనేవాళ్ల ఎదురుగానే చుక్క వేసి, రంగుని బట్టి మాంగనీసు ఎక్కువున్న రకమేదో తేల్చి చూపిస్తారు. 304 అయినా సరే వారానికోసారి మంచినీళ్లతో తుడవాలనీ, ఏసీ బయటి యూనిట్ మీద కూడా మంచినీళ్లు కొట్టాలనీ, కుదిరితే దాన్ని సముద్రం వైపు కాక రెండో వైపు గోడకి బిగించాలనీ అడక్కుండానే చెప్పారు.

నాకు బాగా నచ్చింది సున్నం సంగతి. భీమిలిలో పాత గోడలు ఇంకా చాలానే ఉన్నాయి. 17వ శతాబ్దంలో బట్టల వ్యాపారానికి వచ్చి స్థిరపడిన డచ్చివాళ్లు, 1825లో ఊరిని ఇంగ్లీషువాళ్లకి అప్పగించారు. 1861లోనే ఇక్కడ మునిసిపాలిటీ ఏర్పడింది. ఆ కాలపు ఇటుక, సున్నం కట్టడాలు డచ్ సమాధుల దగ్గర ఇప్పటికీ కనిపిస్తాయి. అలాంటి పాత ఇంటికి సిమెంటు పుట్టీ కావాలని ఒకాయన వస్తే, నా ముందే ఇవ్వనన్నారు. సున్నపు గోడలో తేమ బయటికి పోవాలి, సిమెంటు పూస్తే అది లోపలే ఉండి ఉప్పుతో కలిసి ఇటుకని పొడి పొడి చేసేస్తుంది అని ఆయన వాదన. చివరికి సున్నం బస్తా ఇచ్చి పంపారు. లాభం ఎక్కువుండే సరుకు పక్కన పెట్టి తక్కువుండేది అమ్మే మనిషిని చూస్తే గౌరవం కలగదా?

కొత్తగా శ్లాబు వేసేవాళ్లకి కవర్ బ్లాకులు (ఇనప చువ్వల కింద ఎడం కోసం పెట్టే దిమ్మలు) కూడా అడిగి మరీ అంటగడతారు. తీరప్రాంతంలో ఇనుము మీద కాంక్రీటు 45 మిల్లీమీటర్లు, కెరటాల తుంపర నేరుగా పడే చోటైతే 50 ఉండాలని మన ప్రమాణాలే చెబుతున్నాయి. మేస్త్రీలు రాయి ముక్కలు పెట్టి కానిచ్చేస్తుంటారు, దగ్గరుండి చూసుకోండి. పైకప్పు రేకులకి మేకులు అడిగితే ఇవ్వరు, గాలికి రేకు లేవకుండా పట్టే వంపు కొక్కేలు, జె హుక్కులే ఇస్తారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గాలిని చూసిన ఊరు ఇది, ఆ మాటెత్తితే ఎవరూ బేరమాడరు.

లోపాలూ ఉన్నాయి. 316 సరుకు కొట్లో పెట్టరు, వైజాగ్ నుంచి తెప్పించేదాకా ఆగాలి, ధర కూడా 304 కన్నా బాగా ఎక్కువ. మధ్యాహ్నం భోజనానికి మూశారంటే సాయంత్రం దాకా తెరవరు. కోసిచ్చిన గొలుసు, తాడు వెనక్కి తీసుకోరు. కార్డు మిషన్ లేదు, ఫోన్‌పే ఉంది. ఆన్‌లైన్ ధరతో పోలిస్తే చిన్న సామాన్లకి కొంచెం ఎక్కువే పడుతుంది. నాకైతే ఆ తేడా ఇవ్వడానికి అభ్యంతరం లేదు.

వైజాగ్ నుంచి వచ్చేవాళ్లు బీచ్ రోడ్డు మీదుగా 900కె బస్సు ఎక్కొచ్చు. హైవే వైపు వాళ్లకి తగరపువలస నుంచి దగ్గర. పొద్దున్నే వెళితే ఆయన తీరిగ్గా మాట్లాడతారు. వెళ్లేటప్పుడు పాత బందో, పాత స్క్రూవో జేబులో వేసుకెళ్లండి. ఫోన్లో ఫొటో చూపిస్తే ఆయన ఒప్పుకోరు, చేతిలో పట్టుకుని చూడాల్సిందే.