మెరైన్ ట్యాంక్ టెస్ట్ కిట్ కొంటున్నారా? ఎక్స్‌పైరీ స్టిక్కర్ ఒకసారి గీకి చూడండి

మాది విజయవాడ. ఇంట్లో 250 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు ఉంది. అందులో రెండు క్లౌన్ చేపలుండేవి, ఇప్పుడు ఒకటే ఉంది. పెద్దది జబ్బు చేసి పోలేదు. సగం ధరకే దొరికిందని నేను మురిసిపోయి కొన్న టెస్ట్ కిట్ (ట్యాంకు నీటిలో ఏది ఎంతుందో చుక్కలు వేసి చూసే సామాను) వల్ల పోయింది. అదే ఆఫర్ ఇంకా తిరుగుతోంది కాబట్టి రాస్తున్నాను.

ఆన్‌లైన్‌లో ఒక సెల్లర్ దగ్గర తీసుకున్నాను. ‘సాల్ట్‌వాటర్ కాంబో’ అని పేరు. అమ్మోనియా, నైట్రేట్, కేహెచ్ (నీటి క్షారత, అంటే ఆల్కలినిటీ), కాల్షియం నాలుగూ ఒకే డబ్బాలో. అసలు డబ్బా విప్పిన రోజే నాకు అనుమానం రావాల్సింది. రంగులు పోల్చుకునే కార్డు కంపెనీ ప్రింట్ కాదు, కలర్ జిరాక్స్. పసుపుకీ లేత ఆకుపచ్చకీ తేడా తెలియడం లేదు. కిటికీ దగ్గర ట్యూబ్ పట్టుకుని నేనొకటంటే మా ఆవిడ ఇంకొకటి అనేది. అమ్మోనియా చుక్కలు వేస్తే ట్యూబ్‌లో నీళ్ళు మజ్జిగలా తెల్లబడ్డాయి. అది మంచినీటి ట్యాంకులకి వాడే నెస్లర్ రకం రీఏజెంట్ (పరీక్షకి వేసే ద్రావణం) అని తర్వాత తెలిసింది. దానిలో క్షారం ఎక్కువ. సముద్రపు నీటిలోని మెగ్నీషియం దాంతో కలిసి తెల్లగా విరిగిపోతుంది, ఇక రంగు ఏం కనబడుతుంది? పైగా అందులో పాదరసం ఉంటుంది, సింకులో పారబోసేది కాదు. ఉప్పునీటికి సాలిసిలేట్ రకం అడిగి తీసుకోండి.

ఆ కార్డునీ, అమ్మోనియా సీసానీ పక్కన పడేశాను. కొంప ముంచింది కేహెచ్ సీసా, ఎందుకంటే అది చూడ్డానికి చక్కగా పనిచేసింది. చుక్క వేసి ఊపుతూ పోతే నీలం కాస్తా పసుపయింది. ఆరు చుక్కలు, అంటే 6 డీకేహెచ్ (కేహెచ్‌ని కొలిచే డిగ్రీ). నా ట్యాంకులో 8, 9 మధ్య ఉండాలని నా లెక్క. తగ్గిపోయిందని కంగారుపడి వంట సోడా ఆర్వో నీళ్ళలో కరిగించి రోజుకో టీస్పూన్ చొప్పున పోశాను. రెండు వారాలకి కిట్ 8 చూపించింది. నేను హ్యాపీ.

అదే వారం హీటర్ మీద గరుకుగా తెల్లటి పొర కట్టింది. గోరుతో గీకితే సున్నంలా రాలింది. జోవాంథిడ్స్ (పగడాల జాతి మెత్తటి జీవులు) ముడుచుకుపోయాయి, లెదర్ కోరల్ అనే మెత్తటి పగడం వాలిపోయింది. (రాతి పగడాలు నేను పెంచను. అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జాతులు. వాటిని చాటుగా అమ్మేవాళ్ళ గురించి ఇంకో పోస్టు రాయాలి.) గురువారం రాత్రి రిటర్న్ పంపు (కింది తొట్టి నుంచి నీళ్ళని ట్యాంకులోకి ఎక్కించేది) బిగుసుకుపోయింది. తెల్లారి విప్పితే లోపల తిరిగే రెక్క, ఇంపెల్లర్ చుట్టూ అదే సున్నం. అసలే మే నెల, నీళ్ళు వేడి. పైగా కదలిక లేదు, సంప్‌లోని (ఆ కింది తొట్టిలోని) స్కిమ్మర్‌కి, అంటే మురికిని నురగగా తీసే పరికరానికి, నీళ్ళు అందలేదు. పెద్ద క్లౌన్ ఒక మూల అడుగున పడి ఉంది.

మా బావమరిదికి భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. ఫోన్‌లో సంగతంతా విని, “అదేంటి బావా, మేం ల్యాబ్ రిపోర్టు చూడకుండా చెరువులో ఏమీ చల్లం. నువ్వు గ్లాసుడు నీళ్ళలో చుక్కలేసి నమ్మేశావా? ఒక బాటిల్ అంచుదాకా నింపి పంపించు” అన్నాడు. ఆక్వా ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తే మొత్తం ఆల్కలినిటీ 240 పీపీఎం వచ్చింది. వాళ్ళు పీపీఎంలో రాస్తారు, దాన్ని 17.86తో భాగిస్తే మన డీకేహెచ్. అంటే 13.4. నా కిట్ 8 అన్న నీళ్ళే అవి! ఆ లెక్కన మొదట 6 చూపించిన రోజున అసలు విలువ 10 ఉండి ఉంటుంది. ఒక్క చిటికెడు సోడా కూడా వేయాల్సిన పని లేదు. ఆ అదనపు సోడాకే నీళ్ళలోని కాల్షియం సున్నంలా పేరుకుంది.

అప్పుడు సీసాని సరిగ్గా చూశాను. తేదీ ఉన్న చోట లేబుల్ కొంచెం ఎత్తుగా తగిలింది. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి అంచు లేపితే 08/2026 అని ఉన్న స్టిక్కర్ ఊడి, కింద 03/2021 బయటపడింది. సీసా కూడా మెడదాకా నిండి లేదు. నాకు అర్థమైనంతలో, మూత సరిగ్గా బిగించక ఏళ్ళ తరబడి నీరు ఆవిరైపోతే లోపలి ఆమ్లం చిక్కబడుతుంది. చుక్కకి బలం పెరిగి తక్కువ చుక్కలకే రంగు మారుతుంది. మనకేమో కేహెచ్ తక్కువున్నట్టు కనబడుతుంది.

దీన్ని పట్టుకోవడానికి ల్యాబ్ దాకా వెళ్ళక్కర్లేదు. కొత్త ప్యాకెట్ విప్పి వంట సోడా 2.52 గ్రాములు తూచండి (బేకింగ్ పౌడర్ కాదు, అందులో వేరేవి కలుస్తాయి). రెండు డెసిమల్స్ చూపించే చిన్న పాకెట్ తూకం చాలు. దాన్ని ఆర్వో నీళ్ళలో కరిగించి సరిగ్గా లీటరు చేయండి. అందులోంచి 100 మిల్లీలీటర్లు తీసి, మళ్ళీ ఆర్వో నీళ్ళతో లీటరు చేయండి. ఆ నీళ్ళు 8.4 డీకేహెచ్ చూపించాలి. నా పాత సీసా అయిదు చుక్కలకే పసుపైపోయింది. తర్వాత కొన్న కిట్‌లో ఎనిమిదో చుక్కకి రంగు తిరగడం మొదలై తొమ్మిదో చుక్కకి పూర్తిగా మారింది. ఇప్పుడు ఏ కేహెచ్ కిట్ కొన్నా ముందు ఈ నీళ్ళతో చూసి, ఆ తర్వాతే ట్యాంకు నీళ్ళు ముట్టుకుంటున్నాను.

నైట్రేట్ రీడింగ్ తప్పొచ్చిన విషయంలో మాత్రం తప్పు నాదే కావచ్చు. చాలా కిట్లలో ఒక సీసాలో పొడి అడుక్కి దిగిపోయి ఉంటుంది, గట్టిగా అర నిమిషం ఊపకపోతే రీడింగ్ తక్కువొస్తుంది. నేను మొదట్లో అలా ఊపలేదు. కొత్త ట్యాంకు ఇంకా సైకిల్ అవుతుంటే (వ్యర్థాలను మార్చే బాక్టీరియా ఇంకా కుదురుకుంటుంటే) నీళ్ళలోని నైట్రైట్ వల్ల నైట్రేట్ ఎక్కువగా కూడా కనిపిస్తుంది, అప్పుడు కిట్‌ని తిట్టుకోకండి.

సెల్లర్‌కి స్టిక్కర్ ఫొటోలు పంపాను. “రిటర్న్ గడువు 7 రోజులే సర్” అన్నాడు, తర్వాత “మీరు వాడటం తెలియక” అన్నాడు, ఆ తర్వాత జవాబే లేదు. నాలుగు రోజులకి అదే ఫొటోతో ఇంకో పేరు మీద అదే కాంబో కనిపించింది.

కొనేముందు డబ్బా నాలుగు వైపులా ఫొటోలు పంపమనండి. దిగుమతి సరుకైతే ఇంపోర్టర్ పేరు, అడ్రస్, ఎమ్మార్పీ, నెలా సంవత్సరం ప్యాకెట్ మీద ఉండి తీరాలని మన చట్టమే చెబుతోంది. నా డబ్బా మీద ఇంపోర్టర్ ఊసే లేదు, నేను చూసుకోలేదు. కొన్ని కంపెనీలు ఎక్స్‌పైరీ వేయకుండా లాట్ నంబరే వేస్తాయి. చివరి నాలుగు అంకెలు తయారైన నెల, సంవత్సరం అయ్యే అవకాశం ఉంది, ఆ కంపెనీ సైట్‌లో చూసుకోండి. డబ్బా విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. నేను తీయలేదు, అందుకే ఇప్పుడు వాదించడానికి నా చేతిలో ఊడిన స్టిక్కర్ తప్ప ఏమీ లేదు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. ఫిర్యాదు నంబర్ వచ్చింది, డబ్బు రాలేదు. ఆ లేబుల్ ఫొటోలు నా దగ్గర ఉన్నాయి. ఈ మధ్య ‘కాంబో’ కొన్నవాళ్ళు అడిగితే పంపుతాను, మీ సీసా పక్కన పెట్టి చూసుకోండి.