పాత ప్రోగ్రామ్, కొత్త సిస్టమ్: పోర్టింగా, వర్చువల్ మెషీనా, తిరగరాయడమా?

ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేసిన ప్రోగ్రామ్ కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌లో తెరుచుకోదు. 2019లో మ్యాక్‌ఓఎస్ కాటలీనా 32 బిట్ అప్లికేషన్లను, అంటే మెమరీ చిరునామాలను 32 బిట్లలో రాసే పాత తరం ప్రోగ్రామ్‌లను, పూర్తిగా వదిలేసినప్పుడు ఎందరికో ఎదురైన ఇబ్బంది ఇదే. విండోస్ 11లో 32 బిట్ ప్రోగ్రామ్‌లు నడుస్తాయి, 16 బిట్‌వి నడవవు. అప్పుడు ఏం చేయాలి? సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్ రాసిన అసలు కోడ్) చేతిలో ఉండి, ఆ ప్రోగ్రామ్‌తో రోజూ పని పడుతుంటే పోర్ట్ చేయడమే, అంటే ఆ కోడ్‌నే కొత్త సిస్టమ్‌కు తగ్గట్టు మార్చుకోవడమే మేలని నా గట్టి అభిప్రాయం. మిగతా దారులకూ వాటి చోటు వాటికుంది.

అన్నిటికంటే తేలికైనది కంపాటిబిలిటీ లేయర్. 1993లో మొదలైన వైన్ అనే లేయర్, విండోస్ ప్రోగ్రామ్ అడిగే పనులను లినక్స్‌కు అర్థమయ్యే పిలుపులుగా అప్పటికప్పుడు మారుస్తుంది. కోడ్‌ను ముట్టుకోనక్కరలేదు. కానీ ఆ లేయర్ ఆయుష్షు మన చేతిలో ఉండదు. మ్యాక్‌లు అంతకుముందు వాడిన పవర్‌పీసీ ప్రాసెసర్ల ప్రోగ్రామ్‌ల కోసం 2006లో యాపిల్ ఇచ్చిన రోసెట్టా లేయర్ 2011లో మ్యాక్ ఓఎస్ ఎక్స్ లయన్ రాగానే మాయమైంది. ఆ ఐదేళ్లలో కోడ్‌ను సిద్ధం చేసుకున్నవారు నిలిచారు, గడువును సెలవుగా భావించినవారు ఇబ్బంది పడ్డారు.

వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన మరో కంప్యూటర్‌లో, పాత సిస్టమ్‌ను యథాతథంగా ఉంచేయవచ్చు. సోర్స్ కోడ్ లేనప్పుడు దీనికి మించిన దారి లేదు. పాత ఫైళ్లు తెరిచి, అందులోని డేటాను కొత్త రూపంలోకి తెచ్చుకోవడానికి బాగా పనికొస్తుంది. అయితే విండోస్ ఎక్స్‌పీకి సాధారణ భద్రతా అప్‌డేట్లు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి. అలాంటి సిస్టమ్‌ను నెట్‌వర్క్‌కు కలపకూడదు. నెట్‌వర్క్ లేకుండా రోజువారీ పని సాగడం కష్టం.

ఇక పోర్టింగ్. కోడ్ కంపైల్ అయిందంటే, అంటే యంత్రభాషలోకి మారిందంటే, పని అయిపోయినట్టు కాదు, అసలు పని అక్కడే మొదలవుతుంది. 32 బిట్ రోజుల్లో పాయింటర్ (మెమరీ చిరునామాను దాచేది) పరిమాణం 4 బైట్లు, ఇంట్ (సీ భాషలో మామూలు పూర్ణాంక రకం) పరిమాణమూ 4 బైట్లే. అందుకే చాలామంది చిరునామాను ఇంట్‌లో దాచేవారు. 64 బిట్‌లో పాయింటర్ 8 బైట్లయింది, ఇంట్ మాత్రం 4 దగ్గరే ఉండిపోయింది. చిరునామాలో పై సగం తెగిపోతుంది. ఈ తప్పు వెంటనే బయటపడకపోవచ్చు కూడా. కేటాయించిన మెమరీ మొదటి 4 జీబీ లోపల పడినంత కాలం అంతా సవ్యంగానే కనిపిస్తుంది, ఆ గీత దాటిన రోజున ప్రోగ్రామ్ కుప్పకూలుతుంది. లాంగ్ అనే మరో పూర్ణాంక రకం సంగతి ఇంకా చిక్కు: 64 బిట్ లినక్స్‌లో అది 8 బైట్లు, 64 బిట్ విండోస్‌లో 4. లాంగ్ విలువలను నేరుగా ఫైల్‌లో రాసి ఉంటే, ఒక సిస్టమ్‌లో రాసిన ఫైల్‌ను మరొకటి తప్పుగా చదువుతుంది.

ఇంకొకటి గమనించండి. పాత విండోస్ ప్రోగ్రామ్‌లు సెట్టింగ్‌లను తమ ఇన్‌స్టాల్ ఫోల్డర్‌లోనే రాసేవి. విండోస్ విస్టా నుంచి సాధారణ యూజర్లకు అక్కడ రాసే అనుమతి లేదు. అయినా పాత 32 బిట్ ప్రోగ్రామ్ ఆగిపోకుండా, ఆ రాతను సిస్టమే చడీచప్పుడు లేకుండా యూజర్ సొంత వర్చువల్‌స్టోర్ ఫోల్డర్‌కు మళ్లిస్తుంది. 64 బిట్‌కు మార్చగానే ఈ వెసులుబాటు పోతుంది. నిన్నటిదాకా సేవ్ అయినది ఇవాళ అనుమతి లేదంటుంది. తప్పు కొత్త కోడ్‌ది కాదు, ఇన్నాళ్లూ సిస్టమ్ దాన్ని కప్పిపుచ్చింది. ఇలాంటి పాత లోపాలను వెలికితీసి సరిచేసే అవకాశం ఒక్క పోర్టింగ్‌లోనే దక్కుతుంది.

మొత్తం కొత్తగా రాద్దామనే ఉత్సాహం ప్రతి జట్టులోనూ ఉంటుంది. నేను దాన్ని ప్రోత్సహించను. పాత కోడ్‌లో వికారంగా కనిపించే ప్రతి షరతు వెనుకా ఎవరో ఎదుర్కొన్న నిజమైన సమస్య ఉండవచ్చు, తిరగరాసినప్పుడు ముందుగా పోయేవి అవే. ప్రోగ్రామ్ ఆధారపడిన లైబ్రరీకి (వేరుగా సిద్ధం చేసి ఉంచిన కోడ్‌కు) సోర్స్ గానీ 64 బిట్ రూపం గానీ లేకపోతే మాత్రం, కనీసం ఆ భాగాన్ని తిరగరాయక తప్పదు.

పోర్టింగ్‌కు దిగితే రెండు మార్పులు ఒకేసారి చేయకండి. ముందు కొత్త కంపైలర్‌తో 32 బిట్‌లోనే కంపైల్ చేసి, హెచ్చరికలన్నీ సరిదిద్దాక 64 బిట్‌కు వెళ్లండి. పాత ప్రోగ్రామ్‌ను వర్చువల్ మెషీన్‌లో ఉంచుకుని, ఒకే డేటాను రెండింటికీ ఇచ్చి ఫలితాలు పోల్చండి. దశాంశ లెక్కల్లో చివరి అంకెలు తేడా రావచ్చు. పాత 32 బిట్ కోడ్ చాలావరకు ప్రాసెసర్‌లో దశాంశ లెక్కలు చేసే, 80 బిట్ల రిజిస్టర్లున్న ఎక్స్87 యూనిట్‌ను వాడేది, 64 బిట్ కంపైలర్లు సాధారణంగా ఎస్ఎస్ఈ2 అనే వేరే ఆదేశాల సమితిని వాడతాయి. ఎంత తేడాను అంగీకరించాలో పోల్చడానికి ముందే, ఆ లెక్కలను వాడేవారితో కూర్చుని తేల్చుకోండి.