వెయ్యి వాట్ల పెల్టన్ సెట్టు: రెండు ఎండాకాలాలు వాడాక

వాగు నీళ్లతో చక్రం తిప్పి ఇంటికి కరెంటు తీసే చిన్న టర్బైన్ ఇది. పార్సిల్ విప్పగానే నేను ముందు చూసింది జనరేటర్ వైండింగ్. పాతికేళ్లు మోటార్లు చుట్టినవాణ్ణి, ఆ చూపు పోదు. రాగి తీగే వాడారు, వార్నిష్ సమంగా పట్టింది, మాగ్నెట్లు కదలడం లేదు. రన్నర్, అంటే నీళ్లు తిప్పే గిన్నెల చక్రం, స్టెయిన్‌లెస్ స్టీల్, గిన్నెలన్నీ ఒకే పోతలో వచ్చినవి. ఒక్కో గిన్నె మధ్యలో కత్తి అంచులా ఒక గట్టు ఉంటుంది. నీటిధార దాని మీద పడి రెండుగా చీలి, రెండు పక్కలా దాదాపు వెనక్కి తిరిగిపోతుంది. లెస్టర్ పెల్టన్ 1880లో పేటెంట్ తీసుకున్నది ఇలాంటి గిన్నెల చక్రానికే. ఆ గట్టు అంచు మీద వేలు పెట్టి చూశాను, నున్నగా ఉంది. ఇంతవరకు పూర్తి మార్కులు.

కంపెనీ పేరు రాయను. కింద ఫిర్యాదులు ఉన్నాయి. పైగా ఇదే బొమ్మతో ఇలాంటి సెట్లు చాలా పేర్లతో అమ్ముతున్నారు.

పెట్టె మీద రాసింది 1000 వాట్లు. చిన్న అక్షరాల్లో ఉన్నది 40 మీటర్ల ఎత్తు, సెకనుకు 5 లీటర్లు. ఆ చిన్న అక్షరాలే అసలు సంగతి. లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. సెకనుకు ఎన్ని లీటర్లో, ఎన్ని మీటర్ల నుంచి పడుతున్నాయో గుణించి, దాన్ని 5తో గుణిస్తే ఇలాంటి చిన్న మిషన్ ఇచ్చే వాట్లు సుమారుగా వస్తాయి. అసలు గుణించాల్సింది 9.81తో. మిగతా సగం పైపులోనూ, గిన్నెల్లోనూ, బేరింగుల్లోనూ, వైండింగ్‌లోనూ పోతుంది. వానాకాలంలో మా వాగులో 5 లీటర్లు కాదు, 50 వచ్చినా ఆశ్చర్యం లేదు. అప్పుడు మీటర్ 940 చూపించింది. అమ్మినవాళ్లు ఆ మాత్రం నిజమే చెప్పారు. వానాకాలం నిజం అది.

ఎండాకాలం వాగు దగ్గర 20 లీటర్ల బకెట్ పెట్టి ఫోన్లో సెకన్లు చూశాను. నిండడానికి 12 సెకన్లు పట్టింది. అంటే 1.7 లీటర్ల లోపు. అదంతా నాది కూడా కాదు.

మొదట టర్బైన్ పెట్టాలనుకున్న చోటు ఇంకా కిందికి ఉండేది, అక్కడైతే 46 మీటర్లు దొరికేది. కానీ వాగు నుంచి కింది ఇంటి పెద్దమ్మ కాలువ తీసుకునే చోటు దానికి పైన ఉంది. పైపులు దింపుతుంటే వచ్చి నిలబడింది. "నాయనా, నీ ఇంట్లో లైటు వెలగాలంటే నా మడి ఎండాలా?" అంది. "పెద్దమ్మా, ఇది నీళ్లు తాగేదేం కాదు, చక్రం తిప్పి వదిలేస్తుంది" అన్నాను, తెలివిగా చెప్పాననుకుని. "వదిలేది నా కాలువ దాటాక కదా" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. టర్బైన్‌ని 6 మీటర్లు పైకి జరిపాను. బయటికొచ్చిన నీళ్లు ఇప్పుడు ఆమె కాలువ మొదట్లోనే పడతాయి. అమ్మినవాళ్ల తరఫున ఫిట్టింగ్‌కి వచ్చిన అబ్బాయి తల పట్టుకున్నాడు, కరెంటు ఎనిమిదో వంతు పోతుందని. పోయింది. ఇలాంటి సెట్టుకి వాగులు నిండుగా పారే చోట ఈ గొడవ ఉండదేమో గాని, నీళ్లు కొరతగా ఉన్న కొండల్లో చోటు నిర్ణయించాల్సింది ఎత్తు ఒక్కటే కాదు.

ఇంకో పని కూడా చేశాను. వాగుకి వేసిన చిన్న అడ్డుకట్టలో, నా పైపు నోటికి బెత్తెడు కిందుగా ఒక అంగుళం పైపు ముక్క పెట్టాను, తెరిచే ఉంచాను. సెకనుకు అర లీటరుకు అటూ ఇటూగా ముందు దాంట్లోంచే పోతాయి. ఆ పైన మిగిలితేనే నా పైపులోకి వస్తాయి. వాల్వు పెట్టలేదు, కావాలనే. వాల్వు ఉంటే ఏదో ఒక రాత్రి నా చెయ్యే దాన్ని తిప్పుతుంది.

ఇక అసలు ఫిర్యాదు. సెట్టుతో రెండు నాజిళ్లు, అంటే నీళ్లని ధారగా చక్రం మీదికి చిమ్మే మూతులు, వచ్చాయి, రెండూ 11 మిల్లీమీటర్లవే. మొదటి ఎండాకాలం నీళ్లు తగ్గగానే ఒక నాజిల్ కట్టేసి రెండోదానితో నడిపాను. వారం తిరక్కుండా ఇల్లు చీకటి. కిందికి వెళ్లి చూస్తే ప్రెషర్ గేజ్ 4 బార్ (ఒక్కో బార్ అంటే సుమారు 10 మీటర్ల నీటి ఒత్తిడి) దగ్గర ఉండాల్సింది 1 కూడా లేదు. 40 మీటర్ల ఎత్తులో ఆ ఒక్క నాజిల్ సెకనుకు రెండున్నర లీటర్లు వదులుతుంది. ఆ అర లీటరు పోగా పైన నాకు వచ్చేది 1.2. వచ్చేదానికంటే పోయేది ఎక్కువైతే పైపులో నీటి మట్టం కిందికి దిగిపోతూ ఎనిమిదో తొమ్మిదో మీటర్ల దగ్గర ఆగుతుంది. కొండంత ఎత్తు ఉండి కూడా చక్రానికి అందేది ఒక మేడ ఎత్తే. బ్యాటరీకి చాలినంత వోల్టేజీ రాదు.

వాల్వు సగం మూస్తే సరిపోతుంది కదా అనుకుని అదీ చేశాను. పైపు నిండింది గాని, ఒత్తిడంతా వాల్వు దగ్గరే చచ్చిపోయింది. కంపెనీకి ఫోన్ చేస్తే "వేసవిలో ఆపేసుకోండి సార్, అందరూ అంతే" అన్నారు. అందరూ అంతేనట!

లేత్ మీద ఇత్తడి కడ్డీ పెట్టి 7.5 మిల్లీమీటర్ల నాజిల్ నేనే తీశాను. గేజ్ మళ్లీ 4కి ఎక్కింది. మీటర్ 210 వాట్లు. పెట్టె మీది వెయ్యిలో అది ఐదో వంతు, కానీ రాత్రీ పగలూ ఆగదు కాబట్టి రోజుకి 5 యూనిట్లు. ఫ్రిజ్, లైట్లు, టీవీ, ఫోన్లు వాటితో నడిచిపోతాయి. పెల్టన్ గొప్పతనం ఇక్కడే ఉంది. నీళ్లు నాలుగో వంతుకి పడిపోయినా, నాజిల్ సరైనదైతే దాని సామర్థ్యం పెద్దగా పడిపోదు. ఇంత మంచి చక్రాన్ని చేసి, అరచేతిలో పట్టే నాజిల్ ముక్క పెట్టెలో వెయ్యకపోవడం నాకు మింగుడుపడలేదు. కొనేవాళ్లు మూడు సైజులు అడిగి తీసుకోండి, లేకపోతే బేరం వదిలేయండి.

నాజిల్ సరిపోయిందో లేదో తెలియాలంటే మీటర్ కూడా అక్కర్లేదు. చక్రం కింద నుంచి నీళ్లు ఎలా పడుతున్నాయో చూడండి. సత్తువ లేనట్టు జారిపడుతుంటే వాటి బలమంతా చక్రం పీల్చుకున్నట్టే. ఇంకా ఎగిరి డబ్బా గోడలకి కొడుతుంటే ఏదో తేడా ఉంది.

పైన ట్యాంకు కట్టి పగలు నీళ్లు నింపుకుని రాత్రికి వాడుకోవచ్చు కదా అని చూడ్డానికి వచ్చినవాళ్లందరూ అడుగుతారు. 20 వేల లీటర్ల ట్యాంకు కట్టినా 40 మీటర్ల ఎత్తుకి వచ్చేది ఒక్క యూనిట్, కాస్త అటూ ఇటూ. ఆ డబ్బు బ్యాటరీల మీద పెట్టడమే నయం.

పైపు గురించి ఒక్క మాట. పైపులకి టర్బైన్ కంటే ఎక్కువే అయింది, అయినా సన్నవి వెయ్యొద్దు. మాది 180 మీటర్ల పొడవు, 100 మిల్లీమీటర్ల పైపు. 5 లీటర్లు పారుతున్నప్పుడు రాపిడికి పోయేది ఒక మీటరు లోపే. అదే 50 మిల్లీమీటర్లదైతే 40 మీటర్లలో సగానికి పైగా పైపే తినేస్తుంది.

పైపు నోటి దగ్గర చెత్త ఆపే జల్లెడకి మాత్రం సున్నా. చదునుగా పరిచే జాలీ ఇచ్చారు, ఒక్క గాలివాన ఆకులకి మూసుకుపోయింది. దాన్ని ఏటవాలుగా నిలబెట్టాక ఆకులు వాటంతటవే జారిపోతున్నాయి.

జనరేటర్ కరెంటుని బ్యాటరీలకి సరిచూసి పంపే కంట్రోలర్‌తో నాకు పెద్ద టెన్షన్ వచ్చింది. బ్యాటరీలు నిండాక కూడా చక్రం తిరుగుతూనే ఉంటుంది, దానికి ఏదో ఒక బరువు, అంటే కరెంటు లాక్కునేది, ఉండాలి. అందుకని మిగిలిన కరెంటుని డంప్ లోడ్ అనే హీటర్ కాయిల్‌లోకి మళ్లిస్తారు. నేను ఆ కాయిల్‌ని నీళ్ల డ్రమ్ములో వేశాను, వానాకాలమంతా వేడినీళ్లు ఉచితం. అయితే ఒక రాత్రి అదురుకి దాని టెర్మినల్ స్క్రూ వదులైంది. బరువు పోయేసరికి చక్రం ఈల వేసినట్టు అరిచింది. ఇలాంటప్పుడు వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది, దానితోపాటు వోల్టేజీ కూడా. నేను పరుగెత్తేలోపు కంట్రోలర్ కాలిన వాసన. వాల్వు గబుక్కున మూసేద్దామంటే అదీ కుదరదు, ఆగిన నీటి దెబ్బకి పైపు జాయింట్లు ఊడతాయి. ధారని పక్కకి తప్పించే రేకు ఒకటి ఉంటే ఒక్క చేత్తో పని అయిపోయేది. మంచి సెట్లలో ఉంటుంది, దీంట్లో లేదు. కొత్త కంట్రోలర్ రావడానికి ఆరు వారాలు పట్టింది. ఇప్పుడా టెర్మినల్‌కి స్ప్రింగ్ వాషర్ వేసి, రెండో కాయిల్ విడిగా పెట్టాను.

బేరింగులు ఒకసారి మార్చాను. షాఫ్ట్ వెంబడి తడి లోపలికి పాకి తుప్పు పట్టింది. రబ్బరు ముక్కతో చిన్న రింగు చేసి షాఫ్ట్‌కి తొడిగాను, నీటి చుక్కలు దాని దగ్గరే చెదిరిపోతున్నాయి.

మళ్లీ కొంటానా అంటే, కొంటాను. చక్రానికీ జనరేటర్‌కీ అయిదుకి అయిదు, మిగతా సరంజామాకి రెండు. వాగు లేకపోయినా కొండ మీద నుంచి తాగునీటి పైపులైను దిగుతుంటే కూడా చూడొచ్చు. ఆ లైన్లలో ఒత్తిడి తగ్గించడానికి మధ్యలో తొట్లు కట్టి బలమంతా వృథా చేస్తుంటారు. స్విట్జర్లాండ్‌లో అలాంటి తాగునీటి లైన్లలోనే టర్బైన్లు పెట్టి కరెంటు తీస్తున్నారు. ఎలాగూ దించుతున్న నీళ్లే కాబట్టి ఏ పెద్దమ్మా వచ్చి నిలబడదు.

ఈ ఉదయం బకెట్ నిండడానికి 14 సెకన్లు పట్టింది. 7.5 నాజిల్‌కి నీళ్లు ఇక చాలవు. 6 మిల్లీమీటర్లది తీసి పెట్టుకున్నాను, మధ్యాహ్నం స్పానర్ పట్టుకుని కిందికి దిగాలి.