నాలుగేళ్లు వాడిన మోకాలి స్లీవ్‌లు: ఏం చేశాయి, ఏం చేయలేదు

నావి 7 మిల్లీమీటర్ల మందం ఉన్న నియోప్రీన్ స్లీవ్‌లు, అంటే బరువులెత్తేటప్పుడు మోకాళ్లకి తొడుక్కునే రబ్బరులాంటి బిగుతు తొడుగులు. కొన్నప్పుడు జత మూడు వేల పైచిలుకు పడింది. అప్పట్లో స్క్వాట్ (భుజాల మీద బరువు పెట్టుకుని కిందికి కూర్చుని లేవడం) 100 కిలోలతో చేసేవాణ్ణి, ఇప్పుడు 145. వారానికి రెండు రోజులు, విజయవాడలో ఏసీ లేని జిమ్‌లో.

ముందు సైజు సంగతి. నిలబడి మోకాలి చుట్టూ టేపు పెడితే 38 సెంటీమీటర్లు వచ్చింది. కంపెనీ పట్టిక ప్రకారం మీడియం తీసుకోవాలి. జిమ్‌లో కుర్రాళ్లు "టైట్‌గా ఉంటే బరువు ఎక్కువ లేస్తుందన్నా" అంటే స్మాల్ తెప్పించుకున్నాను. రెండో సెట్‌కే పిక్కలు తిమ్మిరెక్కాయి. విప్పడానికి బెంచీ మీద కూర్చుని కుస్తీ పట్టాల్సి వచ్చింది. మార్చుకుని మీడియం తెచ్చుకున్నాను. అవి కూడా మొదటి ఆరు నెలలు మొండికేశాయి. పాదానికి కూరగాయల కవర్ తొడిగి, దాని మీదుగా స్లీవ్ లాగి, తర్వాత కవర్‌ని కింద నుంచి పీకేస్తే సులువుగా ఎక్కుతాయి.

వీటి అసలు పని వేడి పట్టి ఉంచడం. విజయవాడలో వేడికేం కొదవ అనుకోకండి. డిసెంబరులో పొద్దున్న ఆరింటికి మోకాళ్లు తుప్పు పట్టిన తలుపుల్లా ఉంటాయి. స్లీవ్‌లుంటే సెట్‌కీ సెట్‌కీ మధ్య నాలుగైదు నిమిషాలు కూర్చున్నా చల్లబడవు. ఇంకొకటి, చుట్టూ గట్టిగా పట్టుకుని ఉండటం వల్ల కిందికి దిగేటప్పుడు మోకాలు ఎటు పోతోందో బాగా తెలుస్తుంది. బరువు లేపడంలో సాయమా? నాకైతే రెండు మూడు కిలోలకు మించి లేదు. అంతకన్నా ఎక్కువ తోపు కావాలంటే ర్యాప్‌లు చుట్టుకోవాలి, రెండు మీటర్ల పొడవుండే సాగే పట్టీలు. అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య క్లాసిక్ పోటీల్లో స్లీవ్‌లనే ఒప్పుకుంటుంది, అదీ 7 మిల్లీమీటర్ల మందం, 30 సెంటీమీటర్ల పొడవు దాటకుండా. ర్యాప్‌లు ఎక్విప్డ్ విభాగానికే, అంటే బరువు లేపడానికి తోడ్పడే బిగుతు సూట్లు కూడా వేసుకునే పోటీలకే. ఒకసారి అడిగి చుట్టుకుని చూశాను. బరువు నిజంగానే లేచింది, కానీ మోకాలి చిప్పని ఎవరో బొటనవేలితో నొక్కుతున్నట్టు ఉంది. ఆ సెట్ కాగానే తిరిగిచ్చేశాను.

ఇక నా దెబ్బ. రెండో ఏడాది ఉత్సాహం ఎక్కువై వారం వారం ఐదేసి కిలోలు పెంచుకుంటూ పోయాను. కుడి చిప్ప కింద, కండరాన్ని ఎముకకి కలిపే స్నాయువు అతుక్కునే చోట, సన్నగా నొప్పి మొదలైంది. స్లీవ్ తొడిగితే ఆ నొప్పి సగం తెలిసేది కాదు, కాబట్టి ఆపలేదు. సాయంత్రం మెట్లు దిగేటప్పుడు మాత్రం అసలు సంగతి బయటపడేది. నేల మీద భోజనానికి కూర్చుని లేవాలంటే చేయి ఆనించాల్సి వచ్చేది. "చిప్పలు అరిగిపోతాయిరా, మానెయ్" అని అమ్మ రోజూ ఒకే పాట.

ఫిజియో మాత్రం మానమనలేదు. 60 కిలోలకు దింపి, మూడు అంకెలు లెక్కపెడుతూ కిందికి దిగమన్నాడు. గోడకి వీపు ఆనించి 45 సెకన్లు కూర్చోవడం, ఐదుసార్లు. మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ స్లీవ్‌లు బ్యాగులోంచి తీయలేదు.

అంతకుముందు జిమ్ ట్రైనర్ చెప్పిన మాట ఒకటుంది, మోకాలు బొటనవేలు దాటకూడదని. అలాగే చేస్తే మోకాలికి కాస్త తేలికగా ఉండేది, నడుము పట్టేసేది. అమెరికాలోని మెంఫిస్ పరిశోధకులు 2003లో ఇదే కొలిచారు. మోకాళ్లు ముందుకు పోకుండా పలక అడ్డం పెట్టి స్క్వాట్ చేయిస్తే మోకాలి మీద భారం ఐదో వంతు తగ్గింది, తుంటి మీద మాత్రం పది రెట్లు పెరిగింది. నాలా తొడ ఎముక పొడుగున్నవాళ్లకి మరీ ఇబ్బంది. గొంతుక్కూర్చున్నప్పుడు మోకాలు ముందుకే కదా పోయేది! ఇప్పుడు మోకాలిని కాలివేళ్లు ఎటు చూస్తే అటు పోనిస్తున్నాను. చూడాల్సింది అది లోపలికి వాలకుండానే.

కంపు గురించి చెప్పకపోతే ఈ సమీక్షకి అర్థం లేదు. వానాకాలంలో తడివి రెండ్రోజులు స్కూటర్ డిక్కీలో మర్చిపోయాను. డిక్కీ తెరిచాక పక్కింటాయన కూడా వెనక్కి తిరిగి చూశాడు. చన్నీళ్లలో కొంచెం షాంపూ వేసి నానబెట్టి, పిండకుండా, తిరగేసి నీడలో ఆరేయాలి. ఒక్కసారి బద్ధకించి వాషింగ్ మెషీన్‌లో వేశాను. మూడో ఏట ఎడమదానికి మోకాలి వెనక కుట్టు విడిపోవడం మొదలైంది, కారణం అదేనని నా అనుమానం. చెప్పులు కుట్టే ఆయన నైలాన్ దారంతో యాభై రూపాయలకి కుట్టిచ్చాడు. విప్పాక ఆ కుట్టు గీత చర్మం మీద పది నిమిషాలు అలాగే కనపడుతుంది గానీ, కుట్టు మాత్రం ఇప్పటికీ ఊడలేదు.

ఇప్పుడివి సాక్సుల్లా ఎక్కేస్తున్నాయి, అంటే పట్టు పోయినట్టే. కొత్త జత కొంటాను, ఇదే మందం, ఇదే సైజు. అయితే 110 కిలోల దాకా ఉత్త మోకాళ్లతోనే చేస్తున్నాను. అక్కడ ఏ కాస్త నొప్పి తెలిసినా ఆ రోజు స్లీవ్‌లు తొడగను, బరువూ పెంచను.