టెక్సాస్ కౌంటీ జైలులో తమ్ముడు: పదకొండు నెలల ములాఖత్‌ల తర్వాత నా సమీక్ష

మొదటి కాల్‌ను నేనే మూడుసార్లు కట్ చేశాను. శనివారం తెల్లవారుజామున తెలియని నంబరు. ఎత్తగానే యంత్రం గొంతు: కౌంటీ జైలులోని ఖైదీ నుంచి కాల్ వచ్చింది, అంగీకరిస్తే ఫలానా అంకె నొక్కండి అని. మోసగాళ్ళ కొత్త ఎత్తు అనుకున్నాను. నాలుగోసారి, ఖైదీ తన పేరు చెప్పడానికి వదిలిన రెండు క్షణాల ఖాళీలో, మా తమ్ముడు పేరు చెప్పకుండా "అన్నయ్యా, నేనే, పెట్టేయకు" అన్నాడు.

వాడు మా చిన్నాన్న కొడుకు. చదువు ముగించి ఉద్యోగంలో చేరి ఏడాది అయింది. డాలస్ చుట్టుపక్కల ఒక కౌంటీలో (మన జిల్లా లాంటిది), తాగి కారు నడిపి, ఎదురుగా వస్తున్న పెద్దాయన కాలు విరగ్గొట్టాడు. తప్పు వాడిదే, అందులో వాదనేమీ లేదు. 2023 మార్చి నుంచి 2024 ఫిబ్రవరి దాకా అక్కడే ఉన్నాడు. బెయిలు కట్టగలిగేవాళ్ళమే. కానీ వలస శాఖ వాళ్ళు అప్పటికే డిటైనర్ వేశారు, అంటే వదిలేటప్పుడు మాకు అప్పగించండి అని జైలుకు రాసిన కాగితం. బయట అడుగు పెడితే వాళ్ళు పట్టుకుపోతారు, ఇక్కడి కేసు గాలిలో వేలాడుతుంది, కట్టవద్దు అన్నాడు లాయరు. అలా ఆ పదకొండు నెలల్లో ఫోను, వీడియో, అద్దం, ఉత్తరం అన్నీ వాడి చూశాను.

కౌంటీ జైలు షెరీఫ్, అంటే ఆ కౌంటీ పోలీసు పెద్ద, చేతి కింద ఉంటుంది. విచారణ తేలనివాళ్ళు, చిన్న శిక్షలవాళ్ళు ఉండే చోటు. పెద్ద శిక్ష పడితే రాష్ట్ర కారాగారానికి పంపుతారు. టెక్సాస్‌లో కౌంటీలే 254, ఒక్కొక్కదానిది ఒక్కో పద్ధతి. మా జైలులో చెల్లింది మీ జైలులో చెల్లకపోవచ్చు. ముందు ఆ జైలు వెబ్‌సైట్‌లో పేరు వెతికి బుకింగ్ నంబరు, అంటే జైలులో ఖైదీకి ఇచ్చే నంబరు, రాసిపెట్టుకోండి. అది లేనిదే డబ్బూ చేరదు, ఉత్తరమూ చేరదు.

ఫోను సంగతి. వాళ్ళే చేయాలి, మనం చేయలేం. ముందుగా డబ్బు వేసిన ఖాతా ఉండాలి. మాకు నిమిషానికి 21 సెంట్లు పడింది. ఇరవై నిమిషాలకు తెగిపోతుంది, అంటే కాల్‌కు 4 డాలర్ల 20 సెంట్లు. డబ్బు వేసిన ప్రతిసారీ రుసుము 3 డాలర్లు. మొదటి నెల భయపడుతూ పది, పది వేశాను, తెలివితక్కువ పని. యాభై ఒకేసారి వేస్తే రుసుమూ ఒక్కసారే.

ఈ ధరల వెనక పాత పోరాటం ఉంది. జైలులో ఉన్న మనవడితో మాట్లాడే ఖర్చు భరించలేక మార్తా రైట్ అనే అమ్మమ్మ 2003లో, అమెరికాలో ఫోను వ్యవహారాలు చూసే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌కు మొరపెట్టుకుంది. ఆమె పేరు పెట్టిన చట్టంపై సంతకం పడింది 2023 జనవరిలో, ఆమె పోయిన దాదాపు ఎనిమిదేళ్ళకు. 2024 జులైలో కమిషన్ పెద్ద జైళ్ళకు నిమిషానికి 6 సెంట్లు, బాగా చిన్నవాటికి 12 సెంట్లు పరిమితి పెట్టింది. 2025లో దాని అమలును వాయిదా వేసి, ఆ ఏడాది అక్టోబరులో పరిమితులను మళ్ళీ పెంచింది. కాబట్టి మీ కౌంటీలో ఇప్పుడు ఎంతో చూసుకుని మరీ మొదలుపెట్టండి.

ఫోనులో మేము చేసిన పెద్ద తప్పు డబ్బుకు సంబంధించినది కాదు. రెండో కాల్‌లోనే వాడు "అన్నయ్యా, ఆ రోజు నేను ఎంత తాగానంటే" అని మొదలుపెట్టాడు. తెలుగులో మాట్లాడుతున్నాం కదా, ఎవరికి తెలుస్తుందిలే అని నేనూ విన్నాను. మర్నాడు లాయరు దాదాపు కేకలేశాడు. అన్నీ రికార్డవుతాయి, ప్రాసిక్యూటర్ అడిగితే ఇస్తారు, తెలుగు అనువాదకులు దొరకరనుకున్నారా అని. ఆ తర్వాత కేసు మాట ఎత్తితే నేను దగ్గేవాణ్ణి. అది మా సంకేతం.

రెండో తప్పు పిన్నిని కలపడం. పిన్ని నరసరావుపేటలో ఉంటుంది. కొడుకు గొంతు విననిదే ముద్ద దిగడం లేదంటే, ఇంకో ఫోను నుంచి కాన్ఫరెన్స్ కలిపాను. ఆమె రెండోసారి "నాన్నా" అనేసరికి లైను తెగింది. మూడో మనిషిని కలపడం నిషిద్ధం. నా నంబరును వారం రోజులు ఆపేశారు. ఆ వారమంతా ఏమైందో తెలియక లోపల వాడు, బయట నేను.

ఇంటి నుంచి వీడియో ములాఖత్ నాకు నచ్చలేదు. ఆరుసార్లు వాడి మానేశాను. బొమ్మ ఆగిపోతుంది, గొంతు మాత్రం నడుస్తుంది. వాడు తెరను చూస్తాడు, కెమెరా పైన ఎక్కడో ఉంటుంది, అందువల్ల ఎప్పుడూ తల దించుకున్నట్టే కనిపించేవాడు. అసలే తల దించుకుని ఉన్నవాణ్ణి అలా చూడటం ఎందుకనిపించింది.

నేరుగా వెళ్ళడమే నా లెక్కలో మొదటి స్థానం. టెక్సాస్ నియమాల ప్రకారం ఖైదీకి వారానికి కనీసం రెండు ములాఖత్‌లు ఇవ్వాలి, ఒక్కొక్కటి 20 నిమిషాలకు తగ్గకుండా. 2015లో వచ్చిన చట్టం వాటిని ముఖాముఖిగానే ఇవ్వాలంది. అప్పటికే వీడియో సామగ్రి మీద ఖర్చు పెట్టేసిన కొన్ని జైళ్ళకు మినహాయింపు దొరికింది. అదృష్టం, మాది ఆ జాబితాలో లేదు. ముఖాముఖి అంటే చేయి పట్టుకోవడం కాదు, అద్దానికి అటూ ఇటూ.

శనివారం ఉదయం తొమ్మిదికి అంటే ఎనిమిదిన్నరకల్లా వరుసలో ఉండాలి. ఐదు నిమిషాలు ఆలస్యమై ఒకసారి వెనక్కి వచ్చాను, గంట డ్రైవింగు వృథా. గడువు తీరని గుర్తింపు కార్డు కావాలి. చెప్పులు, నిక్కరు కుదరవు. ఫోను, పర్సు లాకర్‌లో పెట్టాలి, ఆ లాకర్‌కు పావు డాలరు నాణెం కావాలి. నాణేలు ఎవరి దగ్గరుంటాయి ఈ రోజుల్లో? రెండో వారం నుంచి కారులో ఒక డబ్బా నిండా పెట్టుకున్నాను, లేనివాళ్ళకు ఇచ్చేవాణ్ణి. వాళ్ళలో ఒక ముసలావిడ నాకు మూడో నంబరు కిటికీ అడగమని చెప్పింది. మిగతావాటిలో రిసీవరు గరగరమంటుందట. నిజమే.

ఆ మూడో కిటికీ అద్దం మీద, నా నడుము ఎత్తులో, పిల్లల వేళ్ళ మరకలు ఎప్పుడూ ఉండేవి. వారం వారం తుడుస్తారు, వారం వారం మళ్ళీ పడతాయి. స్టీలు తీగ పొట్టిది కావడంతో రిసీవరు పట్టుకుని పక్కకు ఒరిగి మాట్లాడాలి. మేము పెద్దగా మాట్లాడుకున్నదేమీ లేదు. నూడుల్స్‌లో కారం చిప్స్ నలిపి కలుపుకుంటే పులిహోర తిన్నట్టు అనుకోవచ్చని చెప్పేవాడు. నేను వాడి ముఖం, చేతులు చూసేవాణ్ణి. సాయంత్రం పిన్ని "చిక్కాడా?" అని అడుగుతుంది కదా, చూసి చెప్పాలి. నిజానికి ఆ నూడుల్స్‌తో లావెక్కాడు.

డబ్బు విషయం త్వరగా చెప్పేస్తాను. లోపలి దుకాణం ఖాతాలో రెండు వారాలకు ముప్పై డాలర్లు వేశాను. ఎక్కువ వేయవద్దని వాడే అన్నాడు, ఎక్కువ సరుకు కనిపిస్తే అడిగేవాళ్ళు ఎక్కువవుతారట. డాక్టరు దగ్గరికి వెళ్ళిన రుసుము బాకీ ఉంటే మనం వేసిన దాంట్లోంచి ముందు అదే పట్టుకుంటారు. ఇంటి నుంచి పుస్తకాలు పంపవద్దు, తిరిగొస్తాయి. కొత్తవి, అట్ట గట్టిగా లేనివి, అమ్మేవాళ్ళ దగ్గర నుంచే నేరుగా వెళ్ళాలి.

ఉత్తరాల దగ్గర కొంచెం ఆగుతాను. మా జైలులో కాగితం ఖైదీ చేతికి ఇవ్వరు. వేరే ఊళ్ళో స్కాన్ చేసి ట్యాబ్లెట్‌లో చూపిస్తారు, కాగితం నాశనం చేస్తారు. టైపు చేసి పంపే సందేశాల్లో తెలుగు లిపి గళ్ళు గళ్ళుగా కనిపించేది. అందుకని పిన్ని చేత్తో రాసి వాట్సాప్‌లో ఫోటో పంపేది, నేను ప్రింటు తీసి పోస్టు చేసేవాణ్ణి. ఫోటోకు ప్రింటు, ప్రింటుకు స్కాను. అది వాడి దగ్గరికి చేరేసరికి వత్తులన్నీ రాలిపోయేవి. అమ్మ "అమ" అయింది. పక్కింట్లో పెళ్లి అని రాస్తే పిల్లి అని చదువుకుని, పిల్లికి వాళ్ళు అంత ఖర్చు ఎందుకు పెట్టారని నన్ను అడిగాడు. పదకొండు నెలల్లో వాడు నవ్వగా నేను విన్నది ఆ రోజే. పిన్నికి చెబితే ఆ తర్వాత నుంచి స్కెచ్ పెన్నుతో, గీత విడిచి గీత, బళ్ళో పిల్లలకు రాసి చూపించినట్టు వత్తులు పెద్దవిగా రాసింది. పేజీకి ఎనిమిది వరుసలు. సమాచారం తగ్గింది, అయినా చదవగలిగాడు.

ఇంకొకటి, ఖైదీని వదిలినా, వేరేవాళ్ళకు అప్పగించినా మనకు తెలిపే వైన్ అనే కబురు సేవలో నమోదు చేసుకోండి, ఉచితం. 1993లో కెంటకీ రాష్ట్రంలోని లూయివిల్‌లో మేరీ బైరన్ అనే అమ్మాయిని, జైలు నుంచి బెయిలుపై వచ్చిన మాజీ ప్రియుడు చంపాడు. అతను విడుదలైనట్టు ఆమెకు ఎవరూ చెప్పలేదు. మరుసటి ఏడాది ఆ సేవ పుట్టింది. బాధితుల కోసం పెట్టినా ఎవరైనా చేరవచ్చు. మావాడు కాలు విరగ్గొట్టిన పెద్దాయన కుటుంబం కూడా చేరే ఉంటుంది. ఫిబ్రవరిలో ఒక రాత్రి రెండింటికి, వాణ్ణి వలస శాఖకు అప్పగించిన కబురు నాకు దాని ద్వారానే వచ్చింది. లాయరుకు తెల్లారాక నేనే చెప్పాను. ఫోను ఖాతాలో మిగిలిన 11 డాలర్లు అడిగితే తిరిగిచ్చారు, రెండు నెలలు పట్టింది.

ఏప్రిల్‌లో వాణ్ణి హైదరాబాదు విమానం ఎక్కించారు. ఉత్తరాల అసలు కాగితాలు నరసరావుపేటలోనే ఉన్నాయి, పిన్ని ఒక్కటీ పారేయలేదు. వెళ్ళిన మూడో రోజున అవన్నీ మంచం మీద పరుచుకుని కూర్చున్నాడట. అన్నీ చదివినవే కదరా, మళ్ళీ ఎందుకు అని పిన్ని అడిగితే, వత్తులు చూస్తున్నాను అన్నాడట.