స్పోర్ట్ సైకాలజీ మాస్టర్స్: ఆన్‌లైనా, క్యాంపసా?

పాఠాల వరకైతే ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట రికార్డింగులు చూసుకోవచ్చు కాబట్టి ఆన్‌లైన్‌దే పైచేయి. చిక్కంతా ప్రాక్టికల్స్‌లోనే. అమెరికాకు చెందిన స్పోర్ట్ సైకాలజీ నిపుణుల సంఘం ఏఏఎస్‌పీ ఇచ్చే సీఎంపీసీ (సర్టిఫైడ్ మెంటల్ పెర్ఫార్మెన్స్ కన్సల్టెంట్) సర్టిఫికేషన్‌కు మెంటార్ పర్యవేక్షణలో 400 గంటల అనుభవం కావాలి. క్యాంపస్‌లో అయితే జట్లు పక్క మైదానంలోనే ఉంటాయి. పెనాల్టీ కిక్‌కు ముందు ఆటగాడి భుజాలు ఎలా బిగుసుకుపోతాయో కళ్లారా చూడొచ్చు. ఆన్‌లైన్‌లో క్లబ్బునీ మెంటార్‌నీ చాలాసార్లు మీరే వెతుక్కోవాలి. ఆఖరి సెమిస్టర్ దాకా ఆగితే సీజన్ అయిపోతుంది, గంటలు మిగిలిపోతాయి. ఫీజు కట్టకముందే ప్రాక్టికల్స్‌కు క్లబ్బునీ మెంటార్‌నీ ఎవరు చూపిస్తారో రాతపూర్వకంగా అడగండి. అన్నట్టు, ఎలా చదివినా సాధారణంగా ఈ డిగ్రీ ఒక్కదానితో సైకాలజిస్ట్ లైసెన్స్ రాదు. డిప్రెషన్‌కు చికిత్స చేయాలనుకుంటే క్లినికల్ లేదా కౌన్సెలింగ్ దారి పట్టాల్సిందే.