కుకీలకు నేను వాడే క్లిప్ మూత గాజు జాడీ: నాలుగేళ్ల తర్వాత

మాది విశాఖలో లాసన్స్ బే కాలనీ. ఆరేసిన బట్టలు కూడా జిగటగా తగిలే ఊరు. ఉదయం ఓవెన్‌లోంచి తీసిన రాగి బెల్లం కుకీలు సాయంత్రానికే మెత్తబడుతుంటే చాలా బాధేసేది. మా అత్తయ్యగారి స్టీలు డబ్బా జంతికలకు బాగానే పనికొచ్చింది కానీ కుకీలకు చాలలేదు. మూత ఎంత నొక్కినా అంచున కాస్త సందు ఉండేది. పంచదార గాలిలోని తేమను లాగేస్తుంది, బెల్లం అయితే ఇంకా ఎక్కువ.

2021లో పూర్ణా మార్కెట్ దగ్గర సామాన్ల షాపులో రబ్బరు రింగు, ఇనుప క్లిప్ ఉన్న లీటరు గాజు జాడీలు రెండు కొన్నాను. అప్పటినుంచి వానాకాలంలో కూడా వారం, పది రోజులు కుకీ విరిస్తే టక్‌మంటోంది. జనవరిలో అయితే రెండు వారాలు దాటినా బాగుంటాయి.

మొదటి నెలలో ఒక జాడీడు కుకీలు పాడయ్యాయి. గోరువెచ్చగా ఉండగానే మూత పెట్టాను. అరగంటలో గాజు లోపల ఆవిరి పట్టింది, మర్నాటికి అన్నీ మెత్తన. గాజు కాబట్టి కారణం కళ్లకు కనిపించింది. ఇప్పుడు ఫ్యాన్ కింద జల్లెడ మీద పరిచి, అడుగున చెయ్యి పెట్టి వేడి లేదని చూశాకే సర్దుతాను. మెత్తగా ఉండే చాక్లెట్ కుకీలను వీటితో కలపను, వాటి తేమ వీటికి పట్టేస్తుంది. ఎప్పుడైనా మెత్తబడితే 150 డిగ్రీల్లో ఐదు నిమిషాలు వేడి చేసి చల్లారనిస్తే మళ్లీ కరకరలాడతాయి.

లోపాలూ ఉన్నాయి. ఉప్పుగాలికి క్లిప్ రెండో ఏడాదికే తుప్పు పట్టింది. ఇప్పుడు నెలకోసారి పొడిగుడ్డతో తుడిచి, చుక్క కొబ్బరినూనె రాస్తున్నాను. మూడో ఏడాదికి రబ్బరు రింగు సాగిపోయింది, ఆ సైజు దొరకడానికి నాలుగు షాపులు తిరిగాను. వెలుగు తగిలితే కుకీల్లోని వెన్న త్వరగా పాత వాసన వస్తుంది, అందుకని జాడీలను అల్మారాలోనే పెట్టాలి. హాస్టల్లో ఉన్న మా అబ్బాయికి పంపాలంటే బరువు, పగులుతుందని టెన్షన్. వాడికి ప్లాస్టిక్ లాక్ డబ్బాలోనే పంపిస్తాను.

ఇంకో విషయం, లీటరు జాడీ పెద్దదైపోయింది. ఒక్కో కుకీ కోసం తెరిచిన ప్రతిసారీ కొత్త గాలి లోపలికి వెళ్తుంది. మూడోది కొంటే మాత్రం అరలీటరుదే తీసుకుంటాను.